మట్టం రాయి

కొలతల ఆఫీసరు కాలువ గట్టున టేపు పరుస్తుంటే మరావిడకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. నీళ్ళతో తిరిగే పిండిమర వాళ్ళది కాబట్టి అందరూ ఆవిడను అలాగే పిలుస్తారు.

ఆ కాలువను ఆవిడ మామగారి తాత తవ్వాడు. పళ్ళెంలో నీళ్ళు పోసి వాలు చూసుకుంటూ, ఏటి మలుపు నుంచి మర దాకా మైలున్నర తెచ్చాడు. నీళ్ళు ఎంత ఎత్తున పారాలో రాతి మీద గీత చెక్కి గట్టులో నిలబెట్టాడు. అదే మట్టం రాయి. ఇప్పుడేమో ఎగువన కొత్తగా వచ్చిన నూలు మిల్లు వాళ్ళు కాలువకు నీళ్ళొదిలే తూము పలక దించేసి, మీకు ఇంతే నీళ్ళంటున్నారు. చక్రం జ్వరం వచ్చిన మనిషిలా మూలుగుతూ తిరుగుతోంది. గీత చూపిస్తే గీత దాకా నీళ్ళు వదిలిస్తానని ఆఫీసరు అన్నాడు. చూపించలేకపోతే ఇప్పుడున్నదే ఖాయం, అంటే మర మూత.

ఆవిడ మొగుడు మరాయన పొద్దున్నుంచీ గడ్డపారతో గట్టంతా కెలుకుతున్నాడు. "రాయికి కాళ్ళొచ్చి నడిచిపోయిందా ఏంటి" అని గొణుగుతున్నాడు.

కాళ్ళు రాలేదు. కాపరానికి వచ్చిన కొత్తలో, గట్టు కుంగి ఒరిగిపోయిన ఆ రాయిని ఆవిడే, ఆడబిడ్డను సాయం పట్టుకుని, పెరట్లోకి దొర్లించుకొచ్చింది. చదునుగా ఉంది, బట్టలుతకడానికి దివ్యంగా ఉంటుందనుకుంది. అదేమిటో అప్పుడు చెప్పినవాళ్ళు లేరు, అడగాలని తనకూ తోచలేదు. ఇవాళ ఆఫీసరు నోట గీత మాట వినగానే ఆ బండ గుర్తొచ్చింది. నలభై ఏళ్ళు దుప్పట్లు బాదిన రాతి మీద గీత మిగులుతుందా? చెబితే మొగుడేమంటాడు, చెప్పకపోతే మర ఏమవుతుంది?

ఆఫీసరు టేపు చుట్టేశాడు. "రాయి లేదని రాసుకోమంటారా?"

"రాసుకోకు నాయనా, ఒక్క నిమిషం ఆగు" అంది ఆవిడ. "ఏమండీ, మన బట్టల బండ తిరగేయండి."

"ఇప్పుడు ఉతుకుడేంటే నీకు?"

"తిరగేయండి, చెప్తా."

పెరట్లోకి వెళ్ళి బండను గడ్డపార పెట్టి లేపితే కింద నుంచి జెర్రి ఒకటి పరుగెత్తింది. మరాయన చెంబుడు నీళ్ళు కొట్టాడు. మట్టి కరిగి, వేలు పట్టేంత లోతు గీత అడ్డంగా బయటపడింది. గీత అంచుకు తగిలి గుడ్డలు చిరుగుతాయని ఆనాడు బోర్లించి వేసింది తనే, ఇందాకటి దాకా ఆ సంగతే మరిచిపోయింది.

"రాయి సరే. ఎక్కడుండేది? ఎంత లోతున? తోచినచోట నిలబెడితే చెల్లదమ్మా" అన్నాడు ఆఫీసరు.

ఆవిడ వాళ్ళను మళ్ళీ గట్టు మీదికి తీసుకెళ్ళింది. గట్టు వెంబడి నడుస్తూ కాలితో తడిమింది. "రాయి తీసిన కంతలో విరిగిన మరరాయి ముక్క ఒకటి కుక్కాను బాబూ. గాట్లుంటాయి దానికి."

తుమ్మపొద కింద గాట్ల ముక్క దొరికింది. దాన్ని లాగితే అడుగున తొలిచిన రాతి గుంట కనిపించింది. దొర్లించుకొచ్చి పెడితే మట్టం రాయి అందులో పెట్టెకు మూతలా కూర్చుంది. ముగ్గురూ వంగి చూశారు. నీళ్ళు గీతకు జానెడు కింద పారుతున్నాయి.

ఆఫీసరు రెండుసార్లు కొలిచాడు. "నీళ్ళు గీతను తాకేదాకా పలక ఎత్తించాలి" అని రాసుకుని ఎగువకు నడిచాడు.

మరాయన పెళ్ళాం వంక చూశాడు. "అయితే ఇన్నాళ్ళూ మన హక్కుని ఉతికి ఆరేశావన్నమాట."

"నా దగ్గరుండబట్టే దొరికింది. గట్టునుంటే ఏ వరదకో పోయేది" అంది ఆవిడ. నానబెట్టిన దుప్పట్లు బకెట్లో అలాగే ఉన్నాయి, బాదడానికి బండ లేదు. ఒక దుప్పటి తీసి పిండి, చేతిలో పట్టుకుని, చక్రం చప్పుడు ఎప్పుడు మారుతుందా అని అలాగే నిలబడింది.