వేడి తగ్గని బిళ్ళ

ఆదివారం టిఫిన్లయినంక సెంటినరీ కాలనీ క్లబ్బుల క్యారం గది తలుపు తీస్తరు. బోర్డు మీద దుప్పటి పరిచి దాని సుట్టు ఐదుగురు కూసుంటరు. ఆడేది క్యారం గాదు, కథ ఆట. ఒకలు ఆట పెద్దై కథ చెప్తరు. మిగిలినోళ్లు ఆ కథల తలా ఒక మనిషై "నేను తలుపు తంతున్న", "నేను దీపం ముట్టిస్తున్న" అంటరు. అన్న పని అయితదా కాదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెప్తది.

ఆట పెద్ద వీరేందర్. ఆఫీసుల క్లర్కు. హైదరాబాద్ హాస్టల్ల ఈ ఆట నేర్చుకొని వచ్చి, పొడుగు నోటుబుక్కుల అంతా తెలుగుల రాసిపెట్టుకున్నడు. ఆడేటోళ్లు నలుగురు. కరెంటు పని చేసే జైపాల్, బడిల చెప్పే లిల్లీ టీచర్, ముప్ఫై మూడేండ్లు బాయిల బొగ్గు పని చేసి రిటైరైన యేసుకుమార్ కాక, మోటర్లకు తీగ చుట్టే ఇల్మా. ఇల్మాకు ఇరవై నాలుగేండ్లు. నాయిన సర్వర్ నడిపే దుకాణంల కాలిపోయిన మోటరు ఏదైనా, ఆమె చెయ్యి పడ్డదంటె తిరగాల్సిందే.

కథల మనుషులకు గుర్తుగ ఇత్తడి బిళ్ళలు పెట్టుకున్నరు. మూతవడ్డ బాయి కాడికెల్లి కాకనే తెచ్చిండు. బాయిల దిగేటోడు నంబరున్న బిళ్ళ ఎంబడి పట్టుకపోతడు, పైకొచ్చినంక బోర్డు మీద కొట్టిన తన మొలకు తగిలిస్తడు. మొల ఖాళీగున్నదంటె మనిషి ఇంక లోపలనే ఉన్నట్టు. క్లబ్బు గదిల గూడ గోడకు గసొంటి చెక్క పలక ఒకటి కొట్టుకున్నరు, కథల పని అయిపోయినోళ్ల బిళ్ళ దానికి తగిలిస్తరు.

కథల మనిషి బతికున్నంత సేపు వాళ్ల బిళ్ళ వెచ్చగుంటది. సస్తె సల్లవడ్తది. జైపాల్ తన బిళ్ళ మీద చాయ్ గ్లాసు పెట్టుకుంటడు, గంటైనా సల్లారది. చలికాలం లిల్లీ టీచర్ రెండు చేతుల నడుమ పెట్టుకొని కూసుంటది. మంచిగ పనికొచ్చే బిళ్ళలే అని అందరు సంబురపడ్డరు, అంతే.

ఒళ్ళు మండేది బిళ్ళల కాడ గాదు, ఆ నోటుబుక్కు కాడ. దాంట్ల నాలుగో పేజీల కథల మనుషుల జాతుల పట్టిక ఉన్నది. ఏ జాతికి ఎంత బలం, ఎంత బుద్ధి అని వీరేందర్ ఏదో పాత విదేశీ పుస్తకం చూసి గళ్లు గీసిండు. గళ్లల్ల నింపేటప్పుడు మాత్రం విదేశం దాక పోలె, తన కండ్ల ముందటోళ్లనే నింపిండు. అండ్ల ఒక జాతి ఇసుకోళ్లట! పెద్ద పళ్లెంల అందరు ఒక్కకాడ కూసొని తింటరట. మరమ్మతు పనులు చేస్తరట. చేతివాటం మూడు ఎక్కువట, నమ్మకం సున్నా అట. ఇగ ఆడోళ్లకైతె ఏ జాతైనా సరే బలం రెండు తక్కువ. రోజూ మోటర్లు ఎత్తి బల్ల మీద పెట్టే ఇల్మాకు బలం రెండు తక్కువనట, సిగ్గుండాలె చెప్పెటందుకు!

మొదటి రోజే "నీకు ఇసుకోళ్లు సెట్ అయితరు" అని ఇల్మా ఆడే మనిషి వివరాల కాగితం గూడ తనే నింపిండు.

"ఇది మా ఇంటి సంగతే కదన్న?" అని అడిగింది ఇల్మా.

"అరె, ఆటనే కద. ఊకె ఫీల్ గాకు."

ఆట మీది ఇష్టంతోని ఏడాది పొడుగు మింగుకున్నది పాపం. అక్క బిడ్డ ఉమేరా, తొమ్మిదేండ్లది, ఒక ఆదివారం ఎంబడి వచ్చి ఆ పేజీ సదివింది. ఇంటికి పోయే తొవ్వల స్కూటీ వెనుక కూసొని అడిగింది.

"ఖాలా, మనం ఇసుకోళ్లమా? మనల్ని ఎవ్వరు నమ్మరా?"

ఇల్మా స్కూటీ పక్కకు ఆపింది. 

గందుకే, ఎండకాలం సెలవులల్ల కాలనీ పిల్లలకు ఆట నేర్పితె రెండో గది ఇస్తమని క్లబ్బోళ్లన్నప్పుడు, "ఆ గదికి ఆట పెద్దను నేనైత" అన్నది. వీరేందర్ నవ్విండు.

"సరే. ఇప్పుడు నడుస్తున్న గుహ కథల నుంచి ప్రాణంతోని బయటవడ్డోళ్లకే గది. ఎక్కువ మంది బయటవడితె ఎవరికన్నది నేను చెప్త."

అందరి ముందట అన్న మాట అది. ఇల్మా ఒప్పుకున్నది.

ఆ ఆదివారం కథల జట్టు గుహ కొసకు చేరింది. పైకప్పు పగులుతున్నది. ముందట రెండు తొవ్వలు.

"దీపం కుడికి వంగుతున్నది సూడుండ్రి" అన్నది ఇల్మా. "గాలి ఎడమకెల్లి వస్తున్నట్టు. బయటి తొవ్వ గదే. జల్ది నా ఎంబడి రాండ్రి."

పాచిక వేసింది. పంతొమ్మిది!

వీరేందర్ నోటుబుక్కు తిప్పిండు. "పంతొమ్మిదైనా లాభం లేదు. ఇసుకోళ్ల నమ్మకం సున్నా. జట్టు నీ మాట వినది. ముగ్గురు కుడికి పోయి బయటవడ్డరు. నువ్వొక్కదానివే ఎడమకు పోయినవ్, కప్పు కూలింది. సచ్చినవ్."

"మేం వినమని మేమన్నమా?" లిల్లీ టీచర్ లేచింది.

"మీరనలె టీచర్, రూల్ అన్నది" అన్నడు వీరేందర్.

ఇల్మా మొఖం ఎర్రగైంది. "అన్న, పాచిక తప్పు పడితె సస్త, దానికేంది? పుట్టుక తప్పని సంపుతవా?"

వీరేందర్ నోటుబుక్కు పక్కకు పెట్టిండు. చేతిరుమాలుతోని ఆమె ముందటి బిళ్ళ తీసి గోడ పలక మొలకు తగిలిచ్చిండు. "కథ అయిపోయింది. గది జైపాల్‌కు."

జైపాల్ చాయ్ ఒక గుటకేసి మొఖం మాడ్చుకున్నడు. "థూ, సల్లగైపోయింది." గ్లాసు తీసి కింది బిళ్ళ ముట్టుకున్నడు. మంచుగడ్డ లెక్కనే ఉన్నది. లిల్లీ టీచర్ గుప్పిట్ల బిళ్ళ గూడ గంతే. గోడ దిక్కుకెల్లి కాలిన చెక్క వాసన వచ్చింది. ఇల్మా బిళ్ళ కింద పలక గుండ్రంగ నల్లవడి సన్నగ పొగ లేస్తున్నది.

"ఒకల బిళ్ళ మొలకు వేసేటందుకు నువ్వెవడివిరా?"

గద్దించిండు యేసుకుమార్ కాక. ఆయన గొంతు లేచుడు అప్పటిదాక ఎవ్వరు ఇనలె.

"కాక, ఆటల..."

"ఆట లేదు, గీట లేదు! అది ఎవలి బిళ్ళనో ఎరుకనా? మా అన్న తీతుది. షిఫ్టు అయినంక 'వెనుకనే వస్తున్న, నాది గూడ వెయ్యి తమ్మీ' అని నా చేతికిచ్చిండు. నేనే వేసిన. మొలలన్ని నిండినయ్, అందరు పైకొచ్చిన్రని షిఫ్టు మూసిన్రు. కప్పు కింద వడ్డ మనిషిని తెల్లారేదాక ఒక్కడు వెతుకలె." కాక టేబుల్ అంచు పట్టుకున్నడు. "ఈ చేతితోని వేసిన. ఇంగ నా ముందట ఎవ్వని బిళ్ళ ఎవ్వడు వెయ్యద్దు."

ముందటికి వంగి తన బిళ్ళ ముట్టుకున్నడు. కాకనే మళ్ల అన్నడు.

"ముట్టుకొని సూడు వీరేందర్. సచ్చిందన్న పిల్ల బిళ్ళ కాలుతున్నది. బయటవడ్డరన్న మా బిళ్ళలు సల్లవడ్డయ్. ఆ పిల్ల మాట ఇనక సచ్చింది మేం ముగ్గురం."

వీరేందర్ ఒక్కొక్క బిళ్ళ ముట్టి సూసిండు. కడకు పలక కాడికి పోయి, వేలు కాల్చుకొని వెనుకకొచ్చిండు. నోటుబుక్కు తీసిండు, మూసిండు.

"ప్రాణంతోని బయటవడ్డోళ్లకే గది అన్నవ్" అన్నడు జైపాల్. "బయటవడ్డది ఒక్కామెనే. ఇగ నువ్వు చెప్పేదేమున్నది?"

ఇల్మా చున్నీ కొసతోని బిళ్ళ పట్టి మొల మీదికెల్లి తీసింది. "నేనింక బయటికి రాలె. మీరు ముగ్గురు లోపలుంటె నేనొక్కదాన్ని వచ్చి ఏం జేస్త? వెనుకకు పోతున్న." వీరేందర్ చేతిల పాచిక తీసుకొని తన జాగల కూసున్నది. "ఇప్పుడు కథ నేను చెప్త. కుడి తొవ్వ, రాళ్ల కింద ఎవరో పిలుస్తున్నరు..."

ఆమె చెప్తుంటె ముందుగాల కాక బిళ్ళ వెచ్చవడ్డది, తర్వాత టీచర్‌ది. జైపాల్‌ది వెచ్చవడే వరకు ఒంటిగంట దాటింది, ఒక్కలు గూడ అన్నానికి లేవలె. నలుగురు ఎవరి బిళ్ళ వాళ్లే మొలకు వేసుకున్నరు. తీతు బిళ్ళ ఇల్మా చేతితోని మొలకెక్కుతుంటె కాక కండ్లు తుడుసుకున్నడు.

మే నెలల రెండో గది తెరిచిన్రు. పదకొండు మంది పిల్లలు వచ్చిన్రు. రెండో వారం వీరేందర్ భుజానికి బ్యాగుతోని వచ్చి వాకిట్ల నిలవడ్డడు. ఇల్మా ఒక కాగితం చేతిల పెట్టింది.

"జాతి ఏడ రాయాలె?" అని అడిగిండు.

"ఆ గడి లేదన్న."

"నమ్మకం?"

"ఉన్నది. సున్నా రాయి. ఈడ అందరం సున్నాకెల్లే మొదలు."

వీరేందర్ తలకాయ వంచుకొని సున్నా రాసిండు. పిల్లల నడుమ కూసొని పన్నెండింటి దాక ఆడిండు. ఆట అయినంక తన బిళ్ళ మొలకు వేసి బ్యాగు భుజానికేసుకున్నడు. పలక మీద ఒక్క మొల ఖాళీగున్నది. మూలకు కూసున్న ఉమేరా బిళ్ళ పట్టుకున్న గుప్పిట తెరవలె.

"నేనింక లోపలనే ఉన్న" అన్నది.

వీరేందర్ బ్యాగు దించి మళ్ల కూసున్నడు.