మూడో వద్దు

రైన్ నది ఒడ్డున ఒక ఊళ్లో బిషప్పుగా ఎన్నికైనవాడు వినయంగా మూడుసార్లు "నాకొద్దు" అనాలి. అప్పుడు అతని స్నేహితుడొకడు రెక్క పట్టుకుని పీఠం దాకా లాక్కుపోవాలి. ఇరవై ఏళ్లుగా ఆ పీఠం కోసమే చాకిరీ చేసిన ఒడాల్రిక్ అనే చర్చి గురువు, లాగే పని ప్రాణమిత్రుడైన తోటి గురువు గెర్లాక్‌కు ముందే అప్పగించాడు.

"నేను గింజుకుంటాను, వదలకురోయ్!"

"రెక్క ఊడినా వదలను, పో!"

ఎన్నికైన ఒడాల్రిక్ మొదటి వద్దు మెల్లగా అన్నాడు, రెండోది ఏడుస్తూ అన్నాడు, మూడోది చర్చి స్తంభాన్ని కావలించుకుని అరిచాడు. ఎవరూ లాగలేదు.

గెర్లాక్ లేచాడు. "పాపం, వాడికి నిజంగానే ఇష్టం లేదయ్యా. బలవంతపెడితే మనకు పాపం."

స్నేహితుడికంటే ఎవరికి తెలుస్తుందని గురువులందరూ నమ్మి, గెర్లాక్‌నే ఎన్నుకున్నారు. అతను ఆ మూడు వద్దులూ పీఠం వైపు నడుస్తూనే అనేశాడు. ఒడాల్రిక్‌కు పీఠం పోయి పాత పీటే మిగిలింది.

"నాకు కావాలయ్యా! కావాలనే వద్దన్నాను! వీడు లాగుతానని మాటిచ్చాడు!" అని ఒడాల్రిక్ స్తంభం వదలకుండానే అందరికీ మొత్తుకున్నాడు.

అందరికీ అర్థమైంది. కానీ గురువులంతా విధేయతగా ముద్దుపెట్టాల్సిన బిషప్పు ఉంగరం అప్పటికే గెర్లాక్ వేలికెక్కింది. అతను ఆ చెయ్యి చాపి, "ముందు నువ్వే ముద్దుపెట్టరా," అన్నాడు.