ఎవరికీ ఏమీ కాని గోల్‌కీపర్

"కీర్తిశేషులు ఈరిక్స్ స్మారక ఫుట్‌బాల్ కప్పు! ఫైనల్ మ్యాచ్!" అని మైకుసెట్టు గౌస్ పీర్ గొంతు చించుకున్నాడు. మడకశిర పక్క గాలి మామూలు గాలి కాదు. హారన్ నోట్లోంచి వచ్చిన మాటను సగం మింగేసి, మిగతా సగమే జనం చెవిన వేసింది. జనం విన్నది "కీర్తిశేషులు ఈరప్ప" అని.

కీర్తిశేషులవారు అప్పుడు గట్టు మీద కూర్చుని బీడీ వెలిగిస్తున్నారు. వయసు ఎనభై. పేరు ఈరప్ప, ఆట జరిగే నేల యజమాని బయ్యన్నకు స్వయానా తండ్రి.

డ్రిల్లు మాస్టరు సోమప్ప గుండె బంతిలా ఎగిరిపడింది. నెలాఖరుకు ఆయన రిటైరవుతాడు. పదకొండేళ్లుగా టోర్నమెంటు పెడుతున్నా ఒక్క ఫైనలూ చివరి ఈల దాకా సాగలేదు. ఆట జరిగేది బయ్యన్న బీడు నేలలో, గోలు స్తంభాలు మాత్రం ఊళ్లో ఇంకో పెద్దమనిషి పాపన్నవి. కప్పు తన తాత పేరు మీద ఉండాలని బయ్యన్న, కాదు తన నాయన పేరు మీదనని పాపన్న. గోలు తక్కువ, గోల ఎక్కువ. బంతిని తన్నేవాళ్ల కన్నా తన్నుకునేవాళ్లే ఎక్కువ. చివరికి పాపన్న స్తంభాలు పీక్కుపోయేవాడు, బయ్యన్న నేల దున్నించేవాడు.

అందుకే ఈ ఏడు, 2003లో, మాస్టరు ఎవరికీ ఏమీ కాని మనిషిని వెతికాడు. బెంగళూరులో కొన్న పాత ఇంగ్లీషు పుస్తకంలో దొరికాడు ఈరిక్స్, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు లాత్వియా దేశపు గోల్‌కీపర్. "ఎవరో దొర కదా" అని పేరైనా అడక్కుండా రెండిళ్లవాళ్లూ ఒప్పుకున్నారు.

ఇప్పుడు రెండిళ్లవాళ్లూ మీదికొచ్చారు.

"ఏమప్పా మాస్టరూ, బతికుండే మా నాయన్ను సంపుతావా?" అన్నాడు బయ్యన్న.

"దొర అని చెప్పి దొంగదారిన వాళ్ల నాయన్ను తెస్తివే! పీకండ్రా స్తంభాలు!" అన్నాడు పాపన్న.

ఈరప్ప బీడీ ఆర్పి లేచాడు. కర్ర ఊతంగా నడిచి వెళ్లి, రెండు స్తంభాల మధ్య చతికిలబడ్డాడు. "నేను ఎప్పుడు సచ్చినానో తేలేదాకా ఈడినుంచి లేసేదే లేదు."

సోమప్ప మైకు లాక్కున్నాడు.

"పెద్దాయనా, నువ్వు కాదు! సచ్చినోడు ఈరిక్స్! పగలు రొట్టెలంగట్లో పని, సాయంత్రం గోలు కాడ కాపలా. చలికాలమొస్తే చెరువు మీద కట్టెతో ఇంకో ఆట ఆడేవాడంట."

"చెరువు మీదనా?"

"ఆడ నీళ్లు రాయి మాదిరి గడ్డకడతాయి."

"నిలబడి ఆడేంత నీళ్లుండాయా ఆ ఊర్లో!" అన్నాడు ఈరప్ప. ఏళ్లుగా చెరువు నిండని ఆ ఊరి మైదానమంతా ఒక్కటే నిట్టూర్పు. స్తంభం పీకుతున్నవాడు కూడా చెయ్యి వదిలి, నాలుగడుగులు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"తర్వాత యుద్ధమొచ్చె. జట్టు చెదిరిపాయె. ఆయప్ప దేశమిడిసి యాడో మిల్లులో కూలికి చేరినాడు. యాడ సచ్చినాడో పుస్తకంలో లేదు."

"కొడుకులు?" అని బయ్యన్న అడిగాడు. గొంతు కాస్త తగ్గింది.

"ఆ సంగతీ లేదు."

"అయితే ఆయప్ప పేరెత్తేటోళ్లే లేరా?"

"మనమెత్తితిమి కదా," అన్నాడు పాపన్న. "అదీ తప్పుగా."

ఎవరో ఫక్కున నవ్వారు. ఈరప్ప చెయ్యి చాచాడు. సోమప్ప మైకు ఇచ్చాడు. ముసలాయన దాన్ని మొక్కజొన్న కంకిలా పట్టుకున్నాడు.

"అందరూ ఇనండప్పా. నేను సావలేదు. సచ్చినోడు ఈరిక్స్ అని వేరే ఆయప్ప. శానా మంచి కీపరంట. నాకూ ఆయప్పకూ తొలి అచ్చరం కాడ మాత్రమే సుట్టరికం. పాపన్నా, నీ స్తంభాలు యాడుండేటివి ఆడే ఉండనీ. మాస్టరూ, నన్ను లేపి ఈల ఊదు. ఆట అయిపొయ్యేదాకా నేను బతికే ఉంటా."