మొగలో వల వెయ్యవద్దని

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటాక, ఒక మధ్యాహ్నం త్రినాథరావు ఎల్బీ నగర్‌లో ఉన్న అక్క ఇంటికి నడుచుకుంటూ వచ్చాడు. బస్సులు లేవు. విజయవాడ నుంచి కొబ్బరికాయల లారీలో వచ్చి పెద్ద అంబర్‌పేట్ దగ్గర దిగి, అక్కణ్నుంచి ఎండలో నడిచాడు. చంకలో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాగితాల కట్ట ఉంది.

అక్క కోటేశ్వరమ్మ దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్లో ఎండుచేపలు అమ్ముతుంది. భర్త పోయాక కృష్ణా జిల్లా సముద్రపు ఒడ్డు వదిలి వచ్చి, పద్నాలుగేళ్లుగా జంగయ్య, కిష్టమ్మల ఇంట్లో ముందు గదిలో కిరాయికి ఉంటోంది. వాళ్లది నల్లగొండ వైపు పల్లె. జంగయ్య వయసులో ఉన్నప్పుడు చెరువుల్లో చేపలు పట్టేవాడు. వాళ్ల కొడుకు ఉపేందర్ ఆర్టీసీ కండక్టర్. ఇప్పుడు సమ్మెలో ఉండి రోజూ చౌరస్తా దగ్గరి దీక్షా శిబిరంలో కూర్చుంటున్నాడు.

అన్నం తిన్నాక త్రినాథరావు వచ్చిన పని చెప్పాడు. అతను ఇంకా చేపల వేట చేస్తున్న ఆ ఒడ్డున నది సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. అక్కడి మడచెట్ల వేళ్ల మధ్యే రొయ్యలూ పండుగప్ప చేపలూ పిల్లలుగా పెరిగి పెద్దవై సముద్రంలోకి పోతాయి. మరబోట్ల వాళ్లు సన్నకంటి వలలతో ఆ పిల్లల్ని ఊడ్చుకుపోతున్నారు. నావల మీద వేటకు పోయేవాళ్లు ఖాళీగా తిరిగొస్తున్నారు. చివరికి ఏడు పల్లెల వాళ్లు కూర్చుని ఒక మాట అనుకున్నారు. మొగ చుట్టూ మూడు మైళ్లు ఎవరూ వల వెయ్యకూడదు, తాము కూడా. ప్రభుత్వం దాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించాలి. దాని మీద ఎవరేమనుకుంటున్నారో రాసి పంపమని హైదరాబాదులోని ప్రభుత్వ ఆఫీసు అడిగింది. గడువు శుక్రవారం. ఆరోజు మంగళవారం.

కోటేశ్వరమ్మ వింటూనే మూలనున్న బుట్టలకేసి చూసింది. వాటిలో ఉన్నవి చిటికెన వేలంత చేపలు. ఆమె అమ్మకంలో సగం అవే.

"మరి నేనేం అమ్మాలిరా?" అంది.

"పెద్దవి అమ్ముదువు గాని."

"పెద్దవి ఎక్కడున్నాయి?"

"నేను చెప్పేదీ అదేగా అక్కా."

ఆమె బుట్టల మీద గోనెపట్టా కప్పి లేచింది. కాగితాల్లో ఆమె పేరు కోసం వదిలిన ఖాళీ అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున ఉపేందర్ అతన్ని బండి మీద ఆఫీసుకు తీసుకుపోయాడు. గేటుకు తాళం. ఉద్యోగులంతా బయట టెంటులో ఉన్నారు. కాగితాలు తీసుకుని ముద్ర వేసేవాళ్లు లేరు. సమ్మె ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలియదు. ఉపేందర్ బండి వెనక్కి తిప్పాడు. ఆ తాళం వేయించిన సమ్మెలో తానూ ఉన్నానన్న సంగతి అతన్ని దారి పొడుగునా ఇబ్బంది పెడుతూ ఉంది. ఇంటికి పోకుండా నేరుగా చౌరస్తా శిబిరానికి తీసుకొచ్చి, అక్కడ కూర్చునే సంధ్యారాణికి కాగితాలు చూపించాడు. ఆమె వేరే సర్కారు ఆఫీసులో గుమస్తా.

"నేను సమ్మెల ఉన్న. ముద్ర ఎవ్వరికీ వెయ్య," అందామె ముందే. తర్వాత అభిప్రాయాలు అడిగిన ఆఫీసు ప్రకటన రెండుసార్లు చదివి, శుక్రవారంలోగా తారీఖు ముద్ర పడేలా రిజిస్టర్ పోస్టులో పంపినా చెల్లుతుందనీ, తపాలా వాళ్లు సమ్మెలో లేరనీ చెప్పింది. కాగితాలన్నీ తిరగేసి ఇంకొకటి అడిగింది. చేపలు పట్టేవాళ్ల సంతకాలు ఉన్నాయి గానీ అమ్మేవాళ్లవీ కొనేవాళ్లవీ ఏవి? బోట్ల యజమానులు తప్పకుండా వ్యాపారుల చేత రాయిస్తారు, జనం తిండి పోతుందని.

త్రినాథరావు అక్క పేరు కోసం వదిలిన ఖాళీకేసి చూశాడు.

అప్పటిదాకా వింటున్న మహిపాల్ కుర్చీలోంచి లేచాడు. అతను బడిపంతులు, శిబిరంలో పాటలూ ఉపన్యాసాలూ అన్నీ అతని చేతి మీదుగానే నడుస్తాయి.

"మా నీళ్ల కోసం మేం రోడ్డు మీద కూసున్నం. మీ దిక్కు నుంచి ఒక్కడన్న వచ్చి సంతకం పెట్టిండా? గిప్పుడు మీ సముద్రానికి మేం పెట్టాల్నా?"

శిబిరంలో అందరూ ఇటు తిరిగారు. త్రినాథరావు కాగితాలు సర్దుకుంటూ, మీరన్నది నిజమే, మేం రాలేదు అన్నాడు. ఆ మాటతో వాదన పెరగలేదు. చాప మీద కూర్చున్న జంగయ్య గొంతు సవరించుకున్నాడు. రోజూ కొడుకుతో పాటు వచ్చి కూర్చుంటాడు గాని ఆయన అక్కడ మాట్లాడిన రోజు లేదు.

తమ ఊళ్లో తొలి వానకు చేప గుడ్లు పెట్టడానికి వాగుకు ఎదురెక్కేదని, ఆ పది దినాలూ ఎవరూ వల వెయ్యకుండా పెద్దలు కాపలా పెట్టేవాళ్లని చెప్పాడు. ఒక ఏడాది చెరువు వేలం పాడినవాడు ఆ కాపలా ఎత్తేయించి వలలు వేయించాడు. ఆ తర్వాత రెండేళ్లు చెరువులో చేప లేదు. జంగయ్య పట్నం వచ్చి ఇటుకలు మోశాడు.

"గుడ్ల మీదున్న చేపను పడితే ఏమైతదో నాకెర్క. అది ఆంధ్ర చేపనా తెలంగాణ చేపనా అని నేనడగ," అన్నాడు. "జర పెన్ను ఇయ్యి బిడ్డా."

కొనేవాళ్లమని పైన రాసి సంధ్యారాణి కాగితం ఇచ్చింది. జంగయ్య తర్వాత ఉపేందర్, ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు. మొత్తం నలభై మూడు సంతకాలయ్యాయి. మహిపాల్ పెట్టలేదు. పెట్టొద్దని ఎవరికీ చెప్పనూ లేదు.

తమ్ముడు శిబిరంలో ఉన్నాడని తెలిసి అన్నం డబ్బా తెచ్చిన కోటేశ్వరమ్మ వెనక నిలబడి ఇదంతా విన్నది. డబ్బా అక్కడ పెట్టి ఇంటికి వెళ్లిపోయింది. గురువారం పొద్దున మార్కెట్లో తన పక్కన కూర్చునే ఆడవాళ్లను కదిపింది. ముగ్గురు తల అడ్డంగా ఊపారు. ఇద్దరు ఆమెతో శిబిరానికి వచ్చారు. కోటేశ్వరమ్మ సంధ్యారాణి ఎదుట కూర్చుని, నేను చెప్పింది చెప్పినట్టు రాయమ్మా అంది.

"పద్నాలుగేళ్లుగా నేను అమ్మినవాటిలో సగం పిల్లచేపలే. తెలిసే అమ్మాను. మొగలో వలలు ఆపితే నా బేరం తగ్గుద్ది. తగ్గినా సరే, ఆపండి. ఇక నుంచి నేను పిల్లచేపలు అమ్మను."

చివరి మాట తమ్ముడు కూడా ఊహించలేదు. అది ఉంచాలా అని సంధ్యారాణి అడిగితే ఆమె ఉంచమంది. ఆమే, వెంట వచ్చిన ఇద్దరూ కింద పేర్లు రాశారు. ఆ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ పోస్టాఫీసులో కట్ట మీద తారీఖు ముద్ర పడింది.

తర్వాతి రోజుల్లో కోటేశ్వరమ్మకు కష్టమే అయింది. చిన్నచేపల కోసం వచ్చేవాళ్లు పక్క గంప దగ్గరికి పోయారు. మాట రాసిచ్చినంత మాత్రాన బతుకు పాడు చేసుకుంటారా అని కిష్టమ్మ కోప్పడింది. కోటేశ్వరమ్మ పెద్దచేపల ముక్కలూ ఎండురొయ్యలూ తెచ్చి కొంచెం కొంచెంగా నిలదొక్కుకుంది.

ఏడాది గడిచాక ఉత్తర్వు వచ్చింది. అడిగింది మూడు మైళ్లు, ఇచ్చింది ఒకటిన్నర; అదీ ఏడాదికి నాలుగు నెలలే. మొదటి ఏడాది మరబోట్ల వాళ్లు లెక్కచేయలేదు. ఏడు పల్లెల వాళ్లూ వంతులు వేసుకుని నావల మీద కాపలా కాశారు. రెండో ఏటికి మరబోట్ల వాళ్లు దూరం జరిగారు. మడచెట్ల మొదట్లో పండుగప్ప పిల్లలు మళ్లీ కనిపిస్తున్నాయని త్రినాథరావు ఫోన్ చేశాడు.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన ఏడాది ఆగస్టులో కోటేశ్వరమ్మ జంగయ్యనూ కిష్టమ్మనూ తన ఊరికి తీసుకెళ్లింది. వాళ్లిద్దరూ సముద్రం చూడటం అదే మొదటిసారి. కిష్టమ్మ ఒడ్డునే కూర్చుంది. జంగయ్య మాత్రం కాపలా నావ ఎక్కుతానని పట్టుబట్టాడు. ఆ పూట వంతు త్రినాథరావుది. మొగ దాటిన దగ్గర్నుంచి అల పెద్దదవుతుంటే జంగయ్య రెండు చేతులా నావ అంచు పట్టుకున్నాడు. దూరంగా ఒక మరబోటు కనబడింది. అది వీళ్లకేసి రాలేదు. అయినా అది కనుమరుగయ్యేదాకా ఆయన చూపు తిప్పలేదు.