ఏడో షరతు

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో తప్పు సగం కంపెనీది, సగం నాది. కంపెనీ వంతు గురించి ఇరవై ఏళ్ళుగా గేటు దగ్గర గొంతు చించుకుంటూనే ఉన్నాను. నా వంతు గురించి ఇంతకుముందు నోరు విప్పింది ఒక్కసారే.

మా కంపెనీకి ఐదు ప్లాంట్లు. మాది ఇంజన్ల ప్లాంటు. ఒకరోజు షిఫ్టు మధ్యలో లైను ఆపి, అందరినీ క్యాంటీన్లో కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు చూపించారు. ఇకమీదట కార్లు కరెంటుతో నడుస్తాయట. రెండు ప్లాంట్లు మూసేస్తారట. మాది మూయరట, అదృష్టవంతులమట. ఇంజన్ల లైను ఆపేసి, పక్క షెడ్డులో బ్యాటరీ పెట్టెల లైను వేస్తారట. పెట్టుబడి, పెట్టుబడి అని గంటసేపు ఊదరగొట్టారు. ఆఖరి బొమ్మలో మాత్రం చిన్న అక్షరాల్లో ఉంది: ఇప్పుడున్న పదకొండు వందల మందిలో కొత్త లైనుకి ఆరు వందల మంది చాలు.

"పెట్టుబడి వాళ్ళది, పెట్టేబేడా సర్దుకోవడం మనది," అన్నాడు నా పక్కనున్న బావ, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

బావ అంటే మా అక్క మొగుడు. ప్లాంటంతా కడ్డీ మేస్త్రీ అంటుంది. తయారైన ఇంజన్ని బల్లకి బిగించి నడిపి చూసే చోట అతని పని. కంప్యూటరు బాగుందన్న ఇంజన్ని కూడా బావ ఒకసారి చూడాల్సిందే. మూరెడు ఉక్కు కడ్డీని ఒక కొన ఇంజన్‌కి ఆనించి, రెండో కొన పళ్ళతో కరిచిపట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. మిగతా మేస్త్రీలు కడ్డీని చెవికి ఆనించుకుంటారు. బావ ఒక్కడే కొరికేవాడు. "మూడోది ఏడుస్తోంది, విప్పండి," అనేవాడు. విప్పితే మూడో బేరింగులో వెంట్రుకంత గీత. ఇంజనీర్లు తెల్లమొహాలు వేసేవారు.

"చెవులు అందరికీ ఉంటాయిరా. నా దగ్గర పళ్ళున్నాయి," అని ఇకిలించేవాడు.

మేం నవ్వేవాళ్ళం. ఇరవై ఆరేళ్ళు నవ్వాం. ఒక్కడికీ అనుమానం రాలేదు.

ఎవరుండాలి, ఎవరు పోవాలి అన్నదాని మీద యూనియన్ కమిటీ నాయకుడిగా మేనేజిమెంటుతో నాలుగు నెలలు కొట్లాడాను. కొత్త లైనులో సామాను మోసే బండ్లు డ్రైవరు లేకుండా వాటంతటవే తిరుగుతాయి. చప్పుడు ఉండదు, సన్నగా బీప్‌మంటాయంతే. కాబట్టి చెవుల పరీక్ష ఉండాలన్నారు. అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఏటా వచ్చే చెవుల వ్యాను సంగతి నాకు తెలీదా? అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోను తగిలించి, వినిపించినప్పుడు బటన్ నొక్కమంటారు. మేనేజర్ల మనుషులు గురకపెట్టి నిద్రపోయినా పాసే. అందుకని ఏడో షరతు నా చేత్తో నేనే రాశాను. బయటి డాక్టరు రావాలి. నాలుగు వైపులా మూసిన గది ఉండాలి. ఫలితాలు టోకెన్ నంబర్లతో గోడకి అంటించాలి. తప్పినవాడు ఎవడి మనిషైనా లైనులోకి రాకూడదు. మినహాయింపుల్లేవు.

కంపెనీ మారుమాట లేకుండా ఒప్పుకుంది. అప్పుడే నాకు బుర్ర వెలగాల్సింది. వెలగలేదు సరికదా, భుజాలు చరుచుకున్నాను.

గేటు మీటింగులో ఆ షరతులన్నీ చదివి వినిపించాను. బావ ఎప్పటిలాగే ముందు వరుసలో, నా మొహంలోకి గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాడు. ఏ మీటింగైనా అతనిది అదే చోటు. బామ్మర్ది మీద అభిమానం అనుకునేవాణ్ణి.

మీటింగయ్యాక స్కూటర్ల స్టాండు దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"బామ్మర్దీ, ఆ ఏడోది తీసేస్తే ఏం కొంపలు మునుగుతాయిరా?"

"ప్లాంటు మొత్తానికి చెవులున్నవాడివి నువ్వు. నీకెందుకు బావా భయం?"

"భయం కాదురా. మూసిన గదంటే నాకు ఊపిరాడదు."

"మా అక్కతో ముప్పై ఏళ్ళు కాపురం చేశావు, గదిలో పది నిమిషాలు కూర్చోలేవా?"

నవ్వాడు. ఏదో చెప్పబోయాడు. అప్పటికే ఎవరో పిలిస్తే నేను అటు తిరిగిపోయాను. వెనక్కి చూడకుండానే, "రేపు పొద్దున ఏడింటికి నీ వంతు, మర్చిపోకు!" అన్నాను. జవాబు రాలేదు. అలిగాడనుకున్నాను.

మూడోరోజు గోడ మీద కాగితం పడింది. టోకెన్ నాలుగు వందల పన్నెండు పక్కన ఎర్ర గీత. బావ నంబరు.

పర్సనెల్ మేనేజరు గదిలోకి తలుపు కొట్టకుండా దూరాను. "మీ డాక్టరు తాగొచ్చాడా?"

"డాక్టర్ని తెచ్చుకుంది మీరు సార్," అన్నాడు తాపీగా. కాగితం నా వైపు తిప్పాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి పోయినట్టే. నిన్నామొన్నటిది కాదు, ఏళ్ళ నాటిదని డాక్టరు రాశాడు.

పైనున్న టోకెన్ నంబరు మళ్ళీ చూశాను. నాలుగు వందల పన్నెండే.

"మీ బావగారు కదా. మేం కళ్ళు మూసుకోగలం. ఇదిగో, మినహాయింపుల కాగితం. మావాళ్ళలోనూ ఒక ఆరుగురు తప్పారు, వాళ్ళతో పాటే ఆయనా. కమిటీ తరఫున మీ సంతకం ఒక్కటే తక్కువ."

ఆ ఏడుగురు ఎక్కితే ఆరు వందల మంది జాబితాలో కొసనున్న ఏడుగురు దిగాలి. పెన్ను చేతిలోనే ఉంది. సంతకం పెట్టలేదు, కాగితం చింపలేదు. మడిచి జేబులో పెట్టుకుని అక్క ఇంటికి పోయాను.

అక్క తలుపు తీసింది.

"నీకు తెలుసా?" అన్నాను.

"పదహారేళ్ళుగా తెలుసు. ఇంట్లో ఆయనకి ఎదురుగా నిలబడే మాట్లాడతాను. వెనక నుంచి ఒక్కరోజు పిలవను. పెదాలు చూసి గ్రహిస్తారు."

"మరి ఏటా ఆ వ్యాను పరీక్ష?"

"అవతల చప్పుడు మీట నొక్కేవాడి చెయ్యి అద్దంలోంచి చూసి, ఆయన బటన్ నొక్కేవారు. నువ్వు గోడలు కట్టించావుగా." నేను జేబులోంచి తీసిన కాగితం లాక్కుని చదివింది. "పెట్టు సంతకం. మీ ఆరుగురూ ఏడుగురూ నాకు తెలీదు. యాభై రెండేళ్ళ మనిషి, చెవుల్లేవని తెలిశాక ఎవడు పనిస్తాడు? గేటు కాపలాకి కూడా రానివ్వరు."

బావ లోపలి నుంచి వచ్చాడు. మా ఇద్దరి మొహాలూ చూశాడు. సంగతి అర్థమైపోయింది. కాగితం తీసుకుని, తనూ చదివి, కుర్చీలో కూలబడ్డాడు.

"నిన్న కొత్త లైను చూడ్డానికి వెళ్ళాన్రా," అన్నాడు. "నేల కదల్లేదు. మన షెడ్డులో అడుగు పెడితే అరికాళ్ళకి తెలిసిపోతుంది, ఏ బల్ల నడుస్తోందో ఏది ఆగిందో. అక్కడ ఒక మోటారుకి కడ్డీ ఆనించి కొరికాను. ఏమీ లేదు. పాడైందా అని అడిగా. నడుస్తోంది మేస్త్రీ అన్నారు. ఇంతలో వెనక నుంచి బండి వచ్చిందట. క్రేను నడిపే అమ్మాయి రెక్క పట్టుకుని లాగింది కాబట్టి బతికాను."

అక్క మొహం తిప్పుకుంది. అతనికి కనపడకుండా, "ఇరవై ఆరేళ్ళు చెవులు తిని, ఇప్పుడు చెవుల్లేవంటారు," అంది. అది కంపెనీ వంతు. ఆ ఒక్క ముక్క గేటు దగ్గర ఎన్నిసార్లైనా అరవగలను.

"ఇంజన్లున్నన్నాళ్ళూ నాకు చెవుడు లేదురా," అన్నాడు బావ.

అక్క గిరుక్కున తిరిగింది. "ఈ మాటేదో వీడికి ముందే చెప్పి చావచ్చు కదా!"

"చెబుదామనే వెళ్ళానే. వాడు అటు తిరిగాడు."

కాగితం మళ్ళీ అవే మడతల మీద మడిచి నా చేతిలో పెట్టాడు. "ఏం చేసుకుంటావో నీ ఇష్టం. నేను మాత్రం ఆ లైనులోకి రాను."

నేను సంతకం పెట్టలేదు. నీతి కోసమని గొప్పలు పోను. మనిషే రానన్నాక పెట్టి ఏం లాభం? అక్క మాత్రం సంతకం పెట్టనందుకే నాతో మాట మానేసింది.

ఆఖరి ఇంజన్ బయటికొచ్చిన రోజు దానికి రిబ్బను కట్టారు. హెడ్డాఫీసులో అద్దాల పెట్టెలో పెడతారట. ఫొటో కోసం రెండు నిమిషాలు నడిపించారు. బావ ఎవరూ అడక్కుండానే కడ్డీ ఆనించి కొరికాడు.

"మూడోది," అన్నాడు.

సూపర్‌వైజరు అతని ముందుకొచ్చి నవ్వాడు. "ఇది కారుకెక్కేది కాదు మేస్త్రీ. బొమ్మలా పెట్టేది. పర్లేదు."

"మూడోది ఏడుస్తోంది. విప్పండి."

ఎవరూ పానా అందుకోలేదు. ఇంజన్ ఆపేశారు. ఆపేసిన తర్వాత కూడా బావ చాలాసేపు కడ్డీ నోట్లోంచి తియ్యలేదు.

ఆ సాయంత్రం, పోయే ఐదు వందల మంది కోసం గేటు మీటింగు పెట్టాం. బావ ముందు వరుసలోనే ఉన్నాడు. మైకు నా నోటికి అడ్డంగా ఉంది. పక్కకి జరిపాను. వినపడట్లేదని వెనకవాళ్ళు కేకలు పెట్టారు. పెట్టనీ అనుకున్నాను. బావ మొహంలోకే చూస్తూ, ఏడో షరతు రాసింది నేనేనని, ఎవరినీ అడక్కుండా రాశానని, ఒక్కొక్క మాటా విడదీసి మెల్లగా చెప్పాను.

బావ చెయ్యి ఊపాడు, చాల్లే ఇక దిగు అన్నట్టు.