నలభై అడుగుల తాడు

ఆదిమూలం గొట్టం మూత తీసి, సన్నటి ఇనప డబ్బాకు తాడు ముడేశాడు. నలభై అడుగుల కొబ్బరి తాడు. మూడేళ్ళుగా వాడుతున్నా ముందు పది అడుగులే నల్లబడ్డాయి. మిగతాదంతా కొన్ననాటి రంగులోనే ఉంది.

మద్రాసు పక్క అంబత్తూరులోని ఆ ఫ్యాక్టరీ వాళ్ళు బాయిలరు బూడిదను నీళ్ళు ఊరేంత లోతు గుంతలో పూడుస్తున్నారు. దాని విషం భూమిలోని నీళ్ళకు ఎక్కుతోందేమో చూడడానికి గుంతకూ పక్క వీధికీ మధ్య ఈ గొట్టం దించారు. నెలకో సీసా నీళ్ళు పట్టి ఫ్యాక్టరీ ల్యాబుకివ్వడం ఆదిమూలం పని. పైన నిలిచిన పాత నీళ్ళు పోవడానికి ముందు ఇరవై డబ్బాలు తోడి పారబోయాలి. ఆ తర్వాత అడుగు నుంచి పట్టాలి. మొదటి నెల భుజం నొప్పని తోడలేదు. ఆ పైనీళ్ళే పట్టిచ్చాడు. ఎవరూ అడగకపోయేసరికి మూడేళ్ళూ అంతే. బద్ధకానికి ఒకసారి పీట వేస్తే అది లేస్తుందా?

ఈ పొద్దు కొత్త కెమిస్టు కోదండరాం అడిగాడు. "ఇరవై తోడినాకే కదా పడతా ఉండావు?"

"అవును సార్" అన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది.

అందుకే ఇవాళ తోడాడు. ఇరవయ్యో డబ్బా అయ్యాక తాడంతా వదిలాడు. పైకొచ్చిన నీళ్ళు మసకగా ఉన్నాయి. నాలుకకు తాకిస్తే చేదు. ఉమ్మేశాడు. ఇరవై గజాల్లో, పక్క వీధిలో, అమ్మాసి వాళ్ళ బావి ఉంది. వీధంతా ఆ నీళ్ళే తాగుతుంది.

సీసా నింపిన రోజు ఆ బావి నీళ్ళు గ్లాసుడు ఆదిమూలం తాగాలి. ఆ తర్వాతే ఆడవాళ్ళు బిందెలు ముంచుతారు. వాళ్ళకు అదే సర్టిఫికెట్టు. అమ్మాసి మనవరాలిని చంకనేసుకుని గ్లాసు చాపింది.

"ఈ నడుమ రవంత ఉప్పగా ఉండాయి. ఎండలకేమో. తాగన్నా."

ఆదిమూలం చెయ్యి లేవలేదు.

"ఏందన్నా?"

"తాగొద్దమ్మా. బిడ్డకు అసలు ఇయ్యొద్దు."

"పోయిన నెల నువ్వే కదన్నా తాగితివి?"

ముప్పై ఆరు నెలల నీళ్ళు ఆదిమూలం కడుపులోనూ ఉన్నాయి. అమ్మాసి బిడ్డ మూతి కొంగుతో గట్టిగా తుడిచింది.

ల్యాబులో సీసా బల్ల మీద పెట్టాడు. "సార్, ఇదే అడుగు నీళ్ళు. ఇంతకు ముందు తెచ్చినవన్నీ పైనీళ్ళు."

కోదండరాం కలం ఆగిపోయింది. "ఉద్యోగం పోతాది, తెలుసా?"

"తెలుసు సార్. ముందు ఆ బావి మూయించండి."

పని ముగిసే సైరను మోగే దాకా కూడా ఉండకుండా ఆదిమూలం చూలై వెళ్ళే బస్సెక్కాడు. మళ్ళీ ఎవరూ అతన్ని అక్కడ చూడలేదు.

ఆ సాయంత్రం ల్యాబు గోడ మేకుకు తాడు వేలాడుతోంది. మొదటిసారి ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిసి, నేల మీదికి నీళ్ళు కారుస్తోంది.