ఊరికే ఇచ్చిన హెల్మెట్లు

నలభై దాటినా ఇంట్లో ఆమె బుజ్జే. ఫ్యాక్టరీలో మాత్రం మేడమ్. ఆ హెల్మెట్ల ఫ్యాక్టరీ వాళ్ళ బావగారిది. నాన్న పోయేనాటికి బుజ్జి ఇంకా స్కూల్లోనే ఉంది. అక్క కాపురానికి వెళ్తూ చెల్లెల్ని కూడా వెంటబెట్టుకెళ్ళింది. బావగారు ఒక్కనాడూ ముఖం చిట్లించలేదు. చదివించారు, జ్వరం వస్తే పక్కన కూర్చున్నారు, ఎవరైనా అడిగితే "మా పెద్దమ్మాయి" అని చెప్పుకున్నారు. తర్వాత తన ఫ్యాక్టరీలోనే కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

ఆమె చూసేది సేవా విభాగం. కంపెనీ లాభంలో కొంత పక్కకు తీసి, ఆ డబ్బుతో నలుగురికీ పనికొచ్చేవి చేయడం. బడి పిల్లలకు రోడ్డు దాటడం నేర్పించడం, ఆస్పత్రికి చక్రాల కుర్చీలు కొనివ్వడం, ఇలాంటివి. చేసిన ప్రతిదానికీ ఫోటోలు తీయించి గోడకు తగిలించేవారు. అందుకని కిందివాళ్ళు చాటుగా దాన్ని ఫోటోల డిపార్ట్‌మెంట్ అనేవాళ్ళు. చెవినపడినా బుజ్జి నవ్వి ఊరుకునేది. నిజంగా మంచి పని చేస్తున్నానన్న నమ్మకం ఉన్న మనిషికి ఆ మాత్రం ఎగతాళి ఏం అంటుతుంది?

ఆ ఏడాది హెల్మెట్ లోపల వేసే నురుగు పొరను కొత్త చోటు నుంచి తెప్పించారు. అది పైకి తెల్లగా, చక్కగానే ఉంది. పరీక్ష గదిలో తేడా బయటపడింది. అక్కడ ఇనుముతో చేసిన తలకాయ ఒకటి ఉంటుంది. దానికి హెల్మెట్ తొడిగి, పైనుంచి ఇనుప దిమ్మ మీదకు వదులుతారు. లోపలి తలకు ఎంత దెబ్బ తగిలిందో మీటరు చెబుతుంది. పొర మంచిదైతే తాను నలిగి దెబ్బను మింగుతుంది. కొత్త పొర నలగలేదు, పెళుసుగా విరిగింది. దెబ్బంతా తలకే వెళ్ళింది. పరీక్షలు చేసే ఇంజనీరు మళ్ళీ మళ్ళీ వదిలి చూశాడు. ప్రతిసారీ అదే తీరు.

"వీటిమీద నాణ్యత ముద్ర వేయడానికి వీల్లేదండీ" అని తేల్చేశాడు.

అప్పటికే గోదాము సగం వాటితో నిండిపోయింది. బావగారు తల పట్టుకుని కూర్చున్నారు. రెండు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు. మూడో రోజు పొద్దున బుజ్జిని గదికి పిలిచారు.

"అమ్మకానికి పనికిరావు, సరే. పారేయడం ఎందుకు? సామాన్లు చేరవేసే రైడర్లను చూస్తున్నావుగా, సగం మంది ఉత్త నెత్తితోనే పోతున్నారు. వాళ్ళకు ఊరికే ఇచ్చేద్దాం."

"పరీక్షలో పోయినవి కదా, బావగారూ?"

"అమ్మితే తప్పు. ఊరికే ఇస్తే తప్పేముంది? ఏమీ లేనివాడికి ఇదైనా ఉంటే మేలే కదమ్మా. ఎండా వానా అయినా ఆగుతుంది. చిన్నాచితకా దెబ్బలకు అడ్డం పడుతుంది. కాదంటావా?"

బుజ్జి కాదనలేకపోయింది. ఆ మాటలో అబద్ధం ఉన్నట్టు తోచలేదు. పైగా బావగారు నమ్మే చెబుతున్నారు, అది ముఖంలోనే కనిపిస్తోంది. మోసం చేసే మనిషైతే ఆ ముద్ర ఏదో తానే కొట్టించి అమ్ముకునేవారు కదా అని కూడా అనుకుంది. మనసులో ఎక్కడో ముల్లులా గుచ్చుకున్నా, అలా అనుకుని సర్దిపుచ్చుకుంది.

రైడర్లంతా మధ్యాహ్నం పూట చేరే స్టాండు ఒకటుంది, పెద్ద బజారు వెనకాల. అక్కడ షామియానా వేయించి, వెనక బ్యానరు కట్టించారు. ఎర్రటి హెల్మెట్లు, మీద కంపెనీ పేరు, ఎండలో నిగనిగలాడుతున్నాయి. కుర్రాళ్ళు ఎగబడి తీసుకున్నారు. అద్దాల్లో చూసుకుని మురిసిపోయారు. "మేడమ్, పెళ్ళికొడుకులా ఉన్నానా?" అని ఒకడు అడిగితే, "పెళ్ళికూతురు పారిపోతుందిరా" అని ఇంకొకడు అందుకున్నాడు. బుజ్జి కూడా నవ్వేసింది.

చివర్లో గడ్డం పెంచుకున్న రైడర్ ఒకడు వచ్చాడు. అతని చేతిలో పాత హెల్మెట్ ఉంది. నల్లది, గీతలు పడి రంగు వెలిసిపోయింది, కానీ దిట్టంగా ఉంది. అది వాళ్ళ ఫ్యాక్టరీలోనే ఎప్పుడో తయారైన రకం. బుజ్జి చూడగానే గుర్తుపట్టింది. పాత పొరతో చేసిన వాటిలో అంత గట్టిది మరొకటి లేదు.

"మీకు ఉంది కదండీ?" అంది.

"ఇదా మేడమ్? దీని వాసన మీకు తెలీదు. ఇది పెట్టుకుంటే మా ఆవిడ గుమ్మంలోకి రానివ్వడం లేదు" అన్నాడతను. అందరూ ఘొల్లుమన్నారు. అతను పాతదాన్ని పక్కనే ఉన్న చెత్త డబ్బాలోకి గిరాటు వేసి, ఎర్రది నెత్తిన పెట్టుకుని, పట్టీ బిగించుకుని, ఫోటోకు నిలబడ్డాడు.

ఏమీ లేనివాడికి ఏదో ఒకటి అన్నారు బావగారు. ఇతనికి ఉంది. ఉన్న మంచిదాన్ని పారేసి, పనికిరానిదాన్ని తగిలించుకున్నాడు, అదీ బుజ్జి చేతులమీదుగా. ఫోటో తీసేవాడు "మేడమ్, కొంచెం నవ్వండి" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వానని తర్వాత గుర్తొచ్చినప్పుడల్లా ఒంటికి మురికి అంటినట్టు ఉండేది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర విషయం ఎత్తింది.

"బావగారూ, వాళ్ళలో కొందరికి మంచివే ఉన్నాయి. మనవి కొత్తగా ఉన్నాయని అవి వదిలేస్తున్నారు. వెనక్కి తీసుకుందాం."

"ఏమని చెప్పి తీసుకుంటావు?"

"ఉన్న మాటే చెబుదాం."

బావగారు ముద్ద కంచంలో వదిలేశారు. "మన హెల్మెట్లు పగిలిపోతాయని మన నోటితోనే చాటింపు వేద్దామా? రేపు దుకాణాల్లో ఉన్న మంచి సరుకును ఎవడు ముట్టుకుంటాడు? మన ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళంతా ఏమైపోవాలి? వాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలగక్కర్లేదా? మంచికి పోయి మన కొంప మనమే కూల్చుకోవడమా, బుజ్జీ?"

అక్క ఇద్దరికేసీ చూసి, "ముందు తినండి" అంది.

ఆయన ముందు గొంతు పెంచడం బుజ్జికి చిన్నప్పటినుంచీ అలవాటు లేదు. మిగతా స్టాండ్లలో పంచే కార్యక్రమాన్ని మాత్రం ఏదో సాకు చెప్పి వాయిదా వేసింది. ఇచ్చేసినవాటి సంగతి నెమ్మదిగా ఒప్పిద్దాంలే అనుకుంది. రేపు మాట్లాడతాను, ఎల్లుండి మాట్లాడతాను అనుకుంటూనే రోజులు గడిచాయి. ఆ రోజుల్లో ఆమె రోడ్డు మీద ఎర్ర హెల్మెట్ కనిపిస్తే తల తిప్పుకునేది.

ఒకరోజు ఇంజనీరు వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"స్టాండు నుంచి ఫోన్ వచ్చిందండీ. మనం ఇచ్చినవాళ్ళలో ఒకబ్బాయి పడ్డాడు. బండి జారిందట. తలకి తగిలింది."

ఆమె మొదట అడిగింది గడ్డం ఉందా అని. లేదన్నాడు. కుర్రాడట, పెళ్ళికొడుకులా ఉన్నానా అని అడిగినవాడు.

ఆస్పత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో వాళ్ళమ్మ కూర్చుని ఉంది. దర్జీ పని చేసే మనిషి. భుజం మీద కొలత టేపు అలాగే వేలాడుతోంది, తీయడం కూడా మర్చిపోయినట్టుంది. కాళ్ళ దగ్గర ఒక సంచిలో అబ్బాయి చెప్పులూ చొక్కా, వాటిమీద ఎర్ర హెల్మెట్. పైచిప్ప ఒక పక్కగా చీలింది. లోపల పొర ముక్కలు ముక్కలై రాలుతోంది.

ప్రాణానికి ఫరవాలేదని డాక్టర్లు చెప్పారట. కానీ మాట పోయింది. అర్థమవుతుంది గానీ నోట్లోంచి రావడం లేదు. ఎప్పుడొస్తుందో, ఎంత వస్తుందో చెప్పలేమన్నారు.

బుజ్జి పక్క కుర్చీలో కూర్చుంది. ఎవరని అడిగితే హెల్మెట్లు ఇచ్చినవాళ్ళమని చెప్పింది. ఆ తల్లి వెంటనే రెండు చేతులూ జోడించింది.

"మీరిచ్చింది ఉంది కాబట్టే దక్కాడమ్మా, లేకపోతే ఏమయ్యేవాడో!"

ఊరుకుంటే ఇక్కడితో అయిపోతుందని బుజ్జికి తెలుసు. ఆవిడ దణ్ణం పెడుతుంది, ఆస్పత్రి ఖర్చు కంపెనీ భరిస్తుంది, గోడమీద ఇంకో ఫోటో చేరుతుంది. ఆ జోడించిన చేతులవైపు చూడలేక ఆమె తల దించుకుంది. తర్వాత రెండు చేతులతో వాటిని పట్టుకుని కిందకు దించింది.

"దణ్ణం పెట్టకండమ్మా. అది మంచిది కాదు. పరీక్షలో నెగ్గలేదు. అమ్మడానికి పనికిరాదని ఊరికే పంచాం. నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను."

ఆవిడకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతులు వెనక్కి లాక్కుంది.

"మంచిదైతే వీడికి మాట పోయేది కాదా?"

"తెలియదమ్మా. ఎవరూ చెప్పలేరు. పోయేది కాదేమో."

ఆవిడ భుజం మీది టేపు తీసి వేళ్ళకు చుట్టింది, విప్పింది.

"మా వాడు డబ్బులు దాచుకుంటున్నాడు, ఒకటి కొనుక్కోవాలని" అంది చివరికి. "మీరిచ్చారని ఆగిపోయాడు. ఊరికే ఇచ్చినదాన్ని గట్టిదేనా అని ఎలా అడుగుతామమ్మా? డబ్బులిచ్చి కొంటే తట్టి చూసుకునేవాళ్ళం. దుకాణం వాడితో దెబ్బలాడేవాళ్ళం."

బుజ్జి వంగి, నేలమీద రాలిన పొర ముక్కల్ని ఏరింది.

మర్నాడు ఆమె ఎవరినీ అడగలేదు. దుకాణాలకు వెళ్ళే మంచి సరుకులోంచి వ్యాన్ నింపించి, స్టాండుకు వెళ్ళింది. బ్యానరు లేదు, ఫోటోలు తీసేవాడు లేడు. రైడర్లందరినీ పిలిచి, ఇచ్చినవి పనికిరావని, తిరిగి తీసుకుంటామని, వాటి బదులు ఇవి ఇస్తామని చెప్పింది. కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత ఒకరొకరుగా వచ్చారు. కొందరు మాట్లాడకుండా మార్చుకున్నారు. ఒకడు హెల్మెట్‌ను ఆమె కాళ్ళ దగ్గర నేలకేసి కొట్టాడు. గడ్డం రైడర్ మాత్రం కొత్తదాన్ని చేతిలోకి తీసుకోలేదు.

"ఇది మంచిదని ఎవరు చెప్పారు? మీరేగా?" అన్నాడు.

"అవునండీ. నా మాట నమ్మమని నేను అడగలేను. ఫ్యాక్టరీకి రండి. మీ చేతులతోనే వదిలి చూసుకోండి."

అతను నిజంగానే ఆ మధ్యాహ్నమే వచ్చాడు. ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె వాళ్ళను పరీక్ష గదిలోకి తీసుకెళ్ళింది. మొదట మంచిదాన్ని వదిలారు. తర్వాత ఎర్రదాన్ని. అది పగిలిన చప్పుడు కింద గోదాము దాకా వినిపించింది. ఆ చప్పుడుకే బావగారు గదిలోంచి లేచి వచ్చారు.

బయటివాళ్ళను అక్కడ చూసి ఆయన ముఖం ఎర్రబడింది. "ఎవరినడిగి తెచ్చావు?" అన్నారు. ఆమెపై ఆయన గొంతు లేవడం అదే మొదటిసారి.

బుజ్జి తల దించుకోలేదు. "నిన్న ఆస్పత్రికి వెళ్ళానండీ. ఆ పిల్లాడి తల్లికి అంతా చెప్పేశాను. ఇక దాచడానికి మన దగ్గరేం లేదు. మీరూ ఒకసారి వెళ్ళి చూడండి. చూశాక కూడా నేను చేసింది తప్పంటే వెళ్ళిపొమ్మనండి, వెళ్ళిపోతాను."

ఆయన మెట్లు దిగిపోయారు. ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళారని డ్రైవరు చెబితే తెలిసింది. వార్డులోకి వెళ్ళలేకపోయారట. గుమ్మం దగ్గరే నిలబడి, నీళ్ళు అడగడానికి నోరు తెరిచి మాట రాక చేత్తో సైగ చేస్తున్న కుర్రాడిని చూసి, అటునుంచి అటే వెనక్కి తిరిగారట.

ఇంటికొచ్చి అక్క దగ్గర మాత్రం ఒక్క మాట అన్నారు. "ఇన్నాళ్ళూ అమ్మేవాటికి ఒక పరీక్ష, ఇచ్చేవాటికి లేదనుకున్నానే. ఎలా అనుకున్నానో నాకే తెలియడం లేదు."

అక్క ఓదార్చలేదు. "నాకు తెలుసు" అంది. "తీసుకునేవాడు ఎదురు అడగడనేగా అలా అనుకున్నారు."

గోదాములో ఉన్న ఎర్ర హెల్మెట్లన్నింటినీ యంత్రంలో వేసి నలిపించేశారు. బయట ఉన్నవి వాడొద్దని కంపెనీ పేరుతోనే ప్రకటన వేశారు. బావగారు భయపడ్డట్టే జరిగింది. పెద్ద దుకాణాల వాళ్ళు సరుకు వెనక్కి పంపారు. రాత్రి షిఫ్టు ఆపేయాల్సి వచ్చింది, కొందరు పని పోగొట్టుకున్నారు. వాళ్ళలో ఒకావిడ గేటు దగ్గర బుజ్జిని ఆపి, "మీ మనసు తేలికపడిందా మేడమ్?" అని అడిగింది. లేదనే చెప్పింది బుజ్జి. అది నిజం.

ఆమె ఉద్యోగం మానలేదు. బావగారూ మానమనలేదు. ఇద్దరి మధ్యా మునుపటి చనువు లేదు. కానీ ఇప్పుడు బయటకు ఊరికే ఇచ్చే ప్రతి వస్తువూ ముందు పరీక్ష గదికే వెళుతుంది. సేవా విభాగం గోడమీది ఫోటోలన్నింటినీ బుజ్జి కిందకు దింపించేసింది. మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి.

కుర్రాడికి మాట కొంచెం కొంచెంగా వస్తోంది. వారానికోసారి మాటలు నేర్పే ఆవిడ దగ్గరకు అతన్ని బుజ్జే కారులో తీసుకెళుతుంది. మొదట్లో తల్లి ఒప్పుకోలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు తలుపు తీసింది, అంతే. క్షమించానని అనలేదు, అంటుందని బుజ్జి ఎదురుచూడటమూ లేదు.

మొన్న క్లాసు నుంచి తిరిగి వచ్చేటప్పుడు కుర్రాడు కారు అద్దంలోంచి చూస్తూ, చాలాసేపు పెదవులు కదిపి, "నీ... ళ్ళు" అన్నాడు. బుజ్జి కారు ఆపి సీసా అందించింది. వెనక సీట్లో వాళ్ళమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో బుజ్జి వెనక్కి తిరిగి చూడలేదు.